కాకిబంగారము చెప్పు పాతాళపు వార్త

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమయందును, కృష్ణకు ఆవలి గట్టుననున్న వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందును పొలమునకు పోవు ప్రతివానికిని రెండు వస్తువులు తప్పక కంటబడును. ఒకటి, ఎవరో ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు పెద్ద గుండ్లు. రెండవది, ఆ గుండ్లు వేల యేండ్లు ఎండకు వానకు చితికి ఏర్పడిన చెల్క నేలలో తళుక్కుమను సన్నని రేకులు. ఈ రేకులను మన పెద్దలు కాకిబంగారమనిరి. శాస్త్రజ్ఞులు అభ్రకమందురు. బంగారము కాదని తెలిసియు ఆ పేరు పెట్టుటలో కొంత హాస్యమున్నది, కొంత హెచ్చరికయు నున్నది.

ఈ రేకులలో ఒక జాతి రేకు సామాన్యమైనది కాదు. అది మన కాళ్ల క్రింద నూరు, నూటయేబది కిలోమీటర్ల లోతునుండి వచ్చినది. మానవుడు త్రవ్విన బోరులలో మిక్కిలి లోతైనది రష్యాదేశపు కోలా ద్వీపకల్పమునందలిది. 1989 నాటికి అది చేరిన లోతు 12,262 మీటర్లు మాత్రమే, అనగా పన్నెండున్నర కిలోమీటర్లైనను కాదు. అంతకు పదిరెట్ల లోతునందలి సంగతిని మనకు చెప్పగల సాక్షులు కొన్ని రాళ్లు, ఆ రాళ్లలోని కాకిబంగారము. అట్టి సాక్షులు గద్వాల సమీపమున సిద్దనపల్లియందు కలవు. నారాయణపేట ప్రాంతమున మద్దూరు, కోటకొండలయందును కలవు.

ఈ విషయమును గ్రామ పాఠకులకు వివరముగా చెప్పుటకు కారణమున్నది. తొలకరి వానలు పడగానే కర్నూలు సీమలోని జొన్నగిరి, తుగ్గలి పొలములకు వజ్రములు వెదకుటకై జనులు వచ్చుట ఏటేట జరుగుచున్నది. కూలి మానుకొని, అప్పుచేసి వచ్చువారును వారిలో నుందురు. గద్వాల వద్ద వజ్రపు తల్లిరాయి దొరకినదను మాట పుట్టిన తరువాత మన సీమలోను ఆ ఆశ మొలకెత్తుట సహజము. ఆ తల్లిరాయి యెట్టిది, అందు వజ్రము తప్పక ఉండునా, ఉండదా అను ప్రశ్నకు సమాధానము వెదకువారు మొట్టమొదట చూచు వస్తువులలో అభ్రకము ఒకటి.

రొట్టెల దొంతర వంటి ఖనిజము

అభ్రకమును గోటితో గీరిన పొరలుగా ఊడును. ఎంత పలుచని పొరనైనను మరల చీల్చవచ్చును. దీనికి కారణము దాని లోపలి కట్టుబడి. రెండు జొన్నరొట్టెల నడుమ పప్పు పూసి, అట్టి జంటలను దొంతరగా పేర్చినట్లు ఊహించుకొందము. రొట్టెలు సిలికాన్, అల్యూమినియం, ఆమ్లజని కలిసి అల్లుకొన్న పలకలు. నడుమనున్న పప్పు స్థానమున మెగ్నీషియమో, ఇనుమో, అల్యూమినియమో ఉండును. ఒక జంటకును దాని పై జంటకును మధ్య జిగురువలె పనిచేయునది పొటాసియం. ఈ జిగురు బలహీనమైనది. కనుకనే గోరు తగిలినంతనే పొరలు విడిపోవును.

నడుమనున్నది అల్యూమినియమైనచో ఆ ఖనిజము తెల్ల అభ్రకము, దానికి మస్కొవైటు అని పేరు. నెల్లూరు సీమలో గూడూరు గనులు ప్రసిద్ధికెక్కినది దీనివలననే. విద్యుత్తు సాధనములలో అడ్డుపొరగా ఇది ఉపయోగపడును. ఇనుము హెచ్చుగానున్నచో నల్లని బయొటైటు. వనపర్తి, నాగర్‌కర్నూలు గుండ్లను పగులగొట్టినపుడు తెల్లని, గులాబి రంగు గింజల నడుమ కనబడు నల్లని రేకులు తరచు ఇవియే. మెగ్నీషియము హెచ్చుగానున్నచో తేనెరంగు లేక రాగిరంగు కల ఫ్లాగొపైటు. 1841లో ఈ పేరు పెట్టిరి. గ్రీకు భాషలో మంటవలె నున్నదని దాని యర్థము.

మన కథకు నాయకుడు ఈ ఫ్లాగొపైటే. స్వచ్ఛమైన ఫ్లాగొపైటును తూచి చూచినచో నూరు భాగములలో సుమారు 43 భాగములు సిలికా, 29 భాగములు మెగ్నీషియా, 12 భాగములు అల్యూమినా, 11 భాగములు పొటాష్, 4 భాగములకు కొంచెము మించి నీరు ఉండును. ఈ పట్టికలో చివరి రెండింటిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పొటాష్, నీరు ఈ రెండును భూమి లోతున దొరకుట అరుదు. అరుదైన వస్తువు ఒకచోట కనబడినచో అది ఎక్కడినుండి వచ్చినదని విచారింపవలసి వచ్చును. మన విచారణ అంతయు అదియే.

నీరు ఉండవలసిన స్థానమున ఫ్లోరిన్ కూడ చేరుట కలదు. నల్లగొండ మొదలైన సీమలలో బావినీళ్లకు ఫ్లోరైడు దోషము కలుగుటకు గ్రానైటు రాళ్లలోని ఖనిజములు మెల్లగా కరగుట కారణము. ఆ ఖనిజములలో నల్ల అభ్రకము ఒకటి. ఇది మన ప్రస్తుత విషయమునకు కొంచెము ఆవలి మాటయైనను, కాకిబంగారము మన నీటికుండలోనికి సైతము వచ్చునని తెలియుట మంచిదే.

క్రిందినుండి వచ్చిన రాయి

మనము నిలిచియున్న గట్టి పెంకును భూపటలమందురు. మన సీమలో దీని మందము సుమారు 35 నుండి 40 కిలోమీటర్లు. దాని క్రింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతువరకు ఉన్నది ప్రావారము. ప్రావారమందలి రాయి గద్వాల గుండువంటిది కాదు. పచ్చని ఆలివిన్, పైరాక్సీను, లోతుగానున్నచోట దానిమ్మ గింజ రంగు గార్నెట్టు కలిసిన బరువైన రాయి అది. పొటాష్ అందు మిక్కిలి తక్కువ. నూరు భాగములకు 0.03 భాగము మాత్రమే యుండునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ లోతున ఎక్కడనో కొద్దిగా కరగిన ద్రవము, కర్బన ద్విఆమ్లజని వాయువును, నీటిని తనలో ఇముడ్చుకొని, పగుళ్ల వెంబడి పైకి దూసుకొని వచ్చుట పూర్వయుగములలో జరిగినది. ఈ ప్రయాణము దినములలో, బహుశః గంటలలోనే ముగియును. ఆ వడిలో దారిపొడుగున గోడలనుండి రాళ్లను పెరికి తనతో తెచ్చును. పైకి వచ్చి గడ్డకట్టిన ఆ రాయి తరచు ముల్లంగి గడ్డవలె పైన వెడల్పుగను, క్రింద సన్నముగను ఉండును. దీనికి కింబర్లైటు అని పేరు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమును బట్టి 1887లో ఈ పేరు వచ్చినది. వజ్రములకు తల్లిరాయి ఇదియే. అయితే తల్లి యనుట కంటె బండి యనుట సరియైన మాట. వజ్రము కింబర్లైటులో పుట్టలేదు. అది 150 కిలోమీటర్లకు మించిన లోతున ప్రావారపు రాళ్లలో పుట్టి, ఈ బండి యెక్కి పైకి వచ్చినది. బండి మన ఊరు చేరినంత మాత్రమున అందు బియ్యపు బస్తా ఉండవలెనను నియమము లేదు గదా.

గద్వాల ప్రాంతమున కింబర్లైట్లు కనుగొన్న వార్తను భారత భూగర్భ విజ్ఞాన సంఘపు పత్రిక 2004లో ప్రకటించినది. అవి సిద్దనపల్లి వద్ద, గద్వాల గ్రానైట్లను చొచ్చుకొని వచ్చినవి. అప్పటికి అది మహబూబ్‌నగరు జిల్లా. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుగా ఏర్పడినవి. నారాయణపేట జిల్లా 2019లో ఏర్పడినది. పాత పుస్తకములలో పాలమూరు జిల్లా యని వ్రాసిన రాళ్లు నేడు నాలుగైదు జిల్లాలలో పంచబడియున్నవని పాఠకులు గ్రహింతురుగాక. రాళ్లకు మాత్రము ఈ హద్దులతో పనిలేదు. కృష్ణకు ఇరువైపుల కర్ణాటకలోని రాయచూరు సీమవరకు ఈ జాతి రాళ్లు చెదురుమదురుగా కలవు.

ఈ రాళ్లను కనుగొనుటయందు అభ్రకమునకు తోబుట్టువుల వంటి ఖనిజములు తోడ్పడినవి. వాగు ఇసుకను వెడల్పైన గిన్నెలో నీటితో తిప్పి కడిగినచో తేలిక గింజలు పోయి బరువైనవి అడుగున నిలుచును. వానిలో ఊదా ఛాయ కల ఎర్రని గార్నెట్టు, పచ్చలవంటి క్రోమియం పైరాక్సీను, మెగ్నీషియం కలిసిన నల్లని ఇల్మనైటు కనబడినచో, ఆ వాగు ఎగువన కింబర్లైటు ఉండవచ్చునని అనుమానింతురు. వాగు వెంట ఎగువకు నడచుచు, గింజలు ఆగిపోయిన చోట వెదకుదురు. రాయి పైకి సామాన్యముగా కనబడదు. పైభాగము చివికి పసుపు మన్నుగా మారియుండును. దానిపై సున్నపు గడ్డలు గట్టిన తెల్లని పొరయో, రేగడియో కప్పియుండును. రైతు ఏటేట దానిపై నాగలి తోలుచునే యుండును.

ఉండరాని చోట అభ్రకము

కింబర్లైటు తనతో పెరికి తెచ్చిన ప్రావారపు రాళ్లను పరాయి రాళ్లు అందము. ఆంధ్రదేశమున అనంతపురపు సీమలోని వజ్రకరూరు, లత్తవరము, కల్యాణదుర్గము పైపులలో ఇవి మెండుగా దొరకి, పరిశోధింపబడినవి. వీనిలో కొన్నింటిని కోసి, కాగితమువలె పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టినపుడు వింత కనబడును. పొటాష్ లేని రాయియందు పొటాష్ ఖనిజమైన అభ్రకము ఉండరాదు. కాని కొన్నింట ఉండును.

పాత ఇంటి గోడకు ఉప్పు పూత పట్టుట మనమందరమును చూచినదే. గోడ మట్టిలో ఆ ఉప్పు లేదు. నేలనుండి తేమ ఎక్కి, తనతో ఉప్పును తెచ్చి, తాను ఆరిపోయి, ఉప్పును మిగిల్చిపోయినది. ప్రావారమందును ఇట్టిదే జరిగినది. లోతునుండి వచ్చిన వేడి ద్రవములు, పొటాష్, నీరు, టైటానియం, బేరియం మొదలగువానిని మోసికొని గట్టి రాతిగుండ పారినవి. రాయి కరగలేదు. గట్టిగనే యుండి రసాయనికముగా మారినది. ఆ ద్రవములు ఎప్పుడో పోయినవి. వాని గురుతుగా అభ్రకము నిలిచినది.

గార్నెట్టు గింజ చుట్టు ఈ మార్పు చక్కగా తెలియును. గార్నెట్టులో అల్యూమినియం, మెగ్నీషియం, సిలికా కలవు. అభ్రకము కట్టుటకు ఇంకను కావలసినవి పొటాష్, నీరు. అవి రెండును ద్రవముతో వచ్చి తగిలినచో గార్నెట్టు అంచు కరగి అభ్రకముగను, స్పినెల్ అను మరియొక ఖనిజముగను మారును. ఎర్రని గింజ చుట్టు నల్లని, గోధుమరంగు గాజువంటి అంచు ఏర్పడును. దానిమ్మ గింజను బెల్లపు పాకమున ముంచి తీసినట్లుండును.

అయితే అభ్రకమంతయు ఒక్కనాటిది కాదు. ఒక రాతియందే రెండు తరముల రేకులు కనబడుట కలదు. మొదటి తరము రేకులు చుట్టునున్న ఆలివిన్, పైరాక్సీనులతో హద్దులు చక్కగా కుదిరి, ఇరుగుపొరుగున వందల యేండ్లు కాపురమున్న వారివలె ఉండును. వీనియందు సామాన్యముగా టైటానియం తక్కువ. రెండవ తరము రేకులు పగుళ్ల వెంబడిని, గార్నెట్టు అంచులందును పుట్టినవి. వీనియందు టైటానియం, క్రోమియం సామాన్యముగా హెచ్చు. మొదటివి ప్రాచీన ద్రవముల గురుతు. రెండవవి తరచు ఆ రాతిని పైకి తెచ్చిన కింబర్లైటే దారిలో అంటించిన మరక. ఈ రెంటిని కలగాపులగము చేసి లెక్కించినవాడు తాత వయస్సును మనుమని వయస్సుతో కూడి సగము చేసినవాడగును.

కింబర్లీ పరిసరములలో ఈ మార్పు మిక్కిలి ముదిరిన రాళ్లు కూడ దొరకినవి. అచ్చట అభ్రకము, ఆంఫిబోలు, రూటైలు, ఇల్మనైటు, డయాప్సైడు అను ఐదు ఖనిజములే రాయియంతటను నిండియుండును. ఆ ఐదింటి ఆంగ్లనామముల మొదటి అక్షరములను కూర్చి 1977లో డాసన్, స్మిత్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దానికి మారిడ్ అను పేరు పెట్టిరి. ఆంఫిబోలు లేని మరియొక జాతి రాయి కలదు. రెంటిలోను అభ్రకమే ప్రధానము. కంటికి రెండును ఒకటే. రసాయన పరీక్షలో మాత్రము మారిడ్ అభ్రకమున ఇనుము హెచ్చు, క్రోమియం తక్కువ. ద్రవములు వేరు కాబట్టి రేకుల రుచి వేరు.

రేకు లోపలి గింజలు

అభ్రకపు రేకులో ఇతర ఖనిజముల సూక్ష్మకణములు చిక్కుకొని యుండుట తరచు కనబడును. ఇవి ఆ రేకు పెరుగునప్పటి పరిసరములను దాచిన మూటలు. గ్రామమున సైతము సులభముగా చేయదగిన పరీక్ష యొకటి కలదు. పలుచని ఫ్లాగొపైటు రేకు దొరకినచో చీకటిలో కంటికి దగ్గరగా పట్టి దూరమునందలి చిన్న దీపమును చూడవలెను. కొన్ని రేకులగుండ దీపము ఆరు కిరణముల నక్షత్రమువలె కనబడును. రేకులో మూడు దిక్కులుగా క్రమముగా అమరిన సన్నని రూటైలు సూదులు వెలుగును చీల్చుటయే దీనికి కారణము. రూటైలు టైటానియం ఖనిజము. వేడిలో ఉన్నపుడు అభ్రకము తనలో ఇముడ్చుకొన్న టైటానియమును, చల్లారునపుడు ఇముడ్చుకొనలేక సూదులుగా విడిచినది. చల్లారిన పానకమున చక్కెర పలుకులు తేలుట వంటిదే ఇది. అన్ని రేకులును ఇట్లు చూపవు. చూపలేదని నిరాశపడనక్కరలేదు.

మన గ్రానైటులందలి నల్ల అభ్రకములో మరియొక జాతి గింజ కలదు. జిర్కాన్ అను ఆ గింజ కంటికి కనబడనంత చిన్నది. దానిలో స్వల్పముగా నున్న యురేనియం కిరణములను వెడలించి చుట్టునున్న అభ్రకమును కాల్చును. సూక్ష్మదర్శినిలో ఆ గింజ చుట్టు నల్లని గుండ్రని పరివేషము, వానకు ముందు చంద్రుని చుట్టు గుడికట్టినట్లు కనబడును. ఐర్లండు దేశపు జాన్ జోలీ ఈ పరివేషములకు రేడియో ధార్మికశక్తి కారణమని 1907లో వివరించెను.

ప్రావారపు అభ్రకము వెంటనుండు గింజలు ఇంకను విచిత్రమైనవి. క్రోమైటు, ఇల్మనైటు, గంధకముతో కూడిన లోహపు బొట్లు, జిర్కాన్, కొన్నిచోట్ల కార్బొనేటులు. దక్షిణాఫ్రికాలోని బుల్ట్‌ఫాంటైన్, జాగర్స్‌ఫాంటైన్ గనుల రాళ్లలో పొటాసియం, బేరియం, జిర్కోనియం మొదలైన అరుదైన మూలకములను గుదిగూర్చుకొన్న నల్లని టైటానియం ఖనిజములు దొరకగా, 1983లో వానికి లిండ్‌స్లేయైటు, మాథియసైటు అని పేర్లిడిరి. సామాన్యమైన ప్రావారపు రాయిలో ఈ మూలకములు చిటికెడైనను ఉండవు. కావున ద్రవములు తెచ్చిన సామాను జాబితా ఈ గింజలలో వ్రాయబడియున్నదని చెప్పవచ్చును. మారిడ్ రాళ్లలోని జిర్కాన్ గింజల వయస్సును 1998లో ప్రకటించిరి. చాలవరకు అవి ఆ ప్రాంతపు కింబర్లైట్లు పైకి వచ్చిన క్రెటేషియస్ యుగమునకే దగ్గరగా తేలినవి. అనగా ద్రవములు రాతిని నానబెట్టిన తరువాత, భూగర్భ కాలమానమున కొద్దికాలమునకే, బండి బయలుదేరినది.

ఇంత చిన్న గింజను ఎట్లు పరీక్షింతురని పాఠకులకు సందేహము కలుగవచ్చును. 1951లో ఫ్రాన్సు దేశీయుడు రేమాన్ కాస్టెయిన్ తన సిద్ధాంత వ్యాసమున వివరించిన ఎలక్ట్రాన్ ప్రోబు అను యంత్రము ఇందుకు ఉపయోగపడును. మిల్లీమీటరులో వేయవవంతు వెడల్పు కల చుక్కపై ఎలక్ట్రానులను పడవేసినచో అచ్చటి మూలకములు ఒక్కొక్కటి తనకు తగిన ఎక్స్ కిరణమును వెడలించును. వానిని కొలిచి ఏ మూలకమెంతయో లెక్కింతురు. ఒకే రేకుపై నడుమనుండి అంచువరకు వరుసగా చుక్కలు పెట్టి కొలువవచ్చును. చెట్టు మొద్దులో వలయములవలె రేకు పెరిగిన క్రమము బయటపడును.

ఈ వలయములే ఒక పెద్ద తగవును తీర్చుచున్నవి. కింబర్లైటును పోలిన లాంప్రొయిటు అను మరియొక జాతి రాయి కలదు. నల్లగొండ సీమలో రామడుగు, వట్టికోడు వద్ద దొరకినవి ఈ జాతివే. నల్లమలలో నంద్యాల గిద్దలూరు రైలుదారినున్న చెలిమ వద్ద మిలమిలలాడు అభ్రకముతో నిండిన రాయి కూడ ఈ జాతిలో చేరునని పలువురి మతము. కింబర్లైటులోని రేకు అంచువైపు పోవుకొలది అల్యూమినియం, బేరియం హెచ్చును. లాంప్రొయిటు రేకున అల్యూమినియం తగ్గి ఇనుము, టైటానియం హెచ్చును. వజ్రకరూరు ప్రాంతమున దశాబ్దములుగా కింబర్లైట్లని పిలువబడిన కొన్ని పైపులను అభ్రకపు సాక్ష్యమును బట్టి ఇటీవలి పరిశోధకులు లాంప్రొయిటు జాతిలో చేర్చుచున్నారు. అందరును అంగీకరింపలేదు. పేరు ఏదైననేమి అని తోచవచ్చును గాని, రెండు జాతులకును పుట్టుక వేరు కనుక, వజ్రములకై వెదకు పద్ధతియు మారును.

వయస్సు లెక్కలో చిక్కు

పొటాసియములో ఒక స్వల్పభాగము తనంతట తాను ఆర్గాన్ వాయువుగా మారుచుండును. ఉన్నదానిలో సగము తరుగుటకు సుమారు 125 కోట్ల సంవత్సరములు పట్టును. అభ్రకములో పొటాసియం మెండు కనుక అది చక్కని గడియారము. కాని గడియారము ఎంత మంచిదైనను త్రిప్పినవాని చేతిని బట్టి యుండును. నారాయణపేట సమీపపు కోటకొండ అభ్రకమును ఈ పద్ధతిని కొలువగా వయస్సు సుమారు 140 కోట్ల సంవత్సరములని 1999లో ప్రకటింపబడినది. తరువాత ఆ క్షేత్రపు రాళ్లలోని పెరోవ్‌స్కైటు అను ఖనిజమును యురేనియం సీసము పద్ధతిని కొలువగా, 2013 నాటి ఫలితములలో సుమారు 110 కోట్ల సంవత్సరములే తేలినది. ముప్పది కోట్ల యేండ్ల వ్యత్యాసము! లోతునందలి ద్రవములలో ముందే యున్న ఆర్గానును అభ్రకము పుట్టుకతోనే తనలో బంధించుకొనుట కలదు. అప్పుడు అది తన వయస్సు హెచ్చించి చెప్పును. సంతలో ముసలి ఎద్దునకు వయస్సు తగ్గించి చెప్పుదురు. ఇచ్చట సంగతి తలక్రిందులు.

అభ్రకమునే రుబీడియం స్ట్రాన్షియం అను వేరొక పద్ధతిని కొలిచినచో ఈ దోషము అంటదు. సిద్దనపల్లి అభ్రకమును ఆ పద్ధతిని పరీక్షించి 2007లో ప్రకటించిన వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరములు. వజ్రకరూరు, నారాయణపేట, సిద్దనపల్లి మూడును దాదాపు ఒకే కాలమున పైకి వచ్చినవని నేడు హెచ్చుమంది అంగీకరించుచున్నారు.

గద్వాలలో తాండూరు బండ

సిద్దనపల్లి రాయిలో ప్రావారపు సాక్ష్యము కంటెను మమ్ము హెచ్చుగా ఆశ్చర్యపరచినది మరియొక పరాయి రాయి. ఆ కింబర్లైటులో సున్నపురాతి ముక్క చిక్కుకొని యున్నదని 2008లో ముగ్గురు పరిశోధకులు వ్రాసిరి. ఇందేమి వింత యందురా? సిద్దనపల్లి చుట్టును గ్రానైటే గాని సున్నపురాయి లేదు. ప్రావారమున సున్నపురాయి పరుపులు ఉండవు. క్రిందినుండి రాలేదు, ప్రక్కనుండి రాలేదు. ఇక మిగిలినది పైనుండి పడుటయే. అనగా 110 కోట్ల యేండ్లనాడు కింబర్లైటు ఉబికి వచ్చినపుడు గద్వాల గ్రానైటుపై సున్నపురాతి పరుపు కప్పియుండెను. పేలిన గొట్టములోనికి దాని ముక్కలు జారిపడి గడ్డకట్టినవి. తరువాత ఆ పరుపంతయు వానలకు కొట్టుకొనిపోయినది. ఒక్క ముక్క మాత్రము ఆ రాతి కడుపులో దాగి మిగిలినది.

మన ఇండ్లలో పరచుకొను తాండూరు బండ భీమా నదీ ప్రాంతపు సున్నపురాయి. బేతంచెర్ల బండ కర్నూలు శ్రేణి సున్నపురాయి. ఒకటి మనకు వాయవ్యమున, మరియొకటి దక్షిణమున. సిద్దనపల్లి ముక్క ఆ రెండింటి కాలపు పరుపునకు శేషము కావచ్చునని వారి ఊహ. అదే నిజమైనచో ఒకప్పుడు తాండూరునుండి బేతంచెర్లవరకు గద్వాల మీదుగా సముద్రపు అడుగున ఒకే బండ పరచియుండెనేమో!

ఇందు వజ్రముల చిక్కు కూడ దాగియున్నది. కర్నూలు శ్రేణిలో అన్నిటికంటె అడుగుననున్నది బనగానపల్లె పొర. ఆ గులకరాతి పొరలో పూర్వము వజ్రములు త్రవ్విరి. బేతంచెర్ల సున్నపురాయి దానిపైన ఏర్పడినది. సున్నపురాయియే 110 కోట్ల యేండ్లకంటె పాతదైనచో, దాని క్రింది బనగానపల్లె పొర మరింత పాతది. అటులైన ఆ పొరలోని వజ్రములు 110 కోట్ల యేండ్లనాటి వజ్రకరూరు పైపులనుండి వచ్చినవనుట పొసగదు. బిడ్డ పుట్టిన తరువాత పుట్టిన చెట్టు ఆ బిడ్డ ఊయలకు కర్ర ఇయ్యలేదు. మరి ఆ వజ్రములను మోసికొని వచ్చిన బండ్లు ఏవి? అంతకు పూర్వపు పైపులు ఎక్కడనో ఉండవలెను, లేదా అరిగి మాసిపోయి యుండవలెను. సిద్దనపల్లి ముక్క భీమా, కర్నూలు శ్రేణులది కాదు, అంతకంటె ప్రాచీనమైన వేరొక పరుపుది అనువారును కలరు. అట్లయిన ఈ చిక్కు ఉండదు. మాకు తోచినంతవరకు ఈ వాదము ఇప్పట్లో తేలునది కాదు. అరచేతిలో పట్టు సున్నపురాయి రెండు రాష్ట్రముల భూచరిత్రను తిరుగవ్రాయుటకు పూనుకొనుట మాత్రము ముచ్చటైన విషయము.

పొలములో దొరకినచో

వజ్రకరూరు పైపులలో వజ్రములు కలవు. నారాయణపేట పైపులు మాత్రము ఇంతవరకు వజ్రరహితములుగనే పరిగణింపబడుచున్నవి. దగ్గరి చుట్టములైన రెండింటికి ఈ తేడా యేల? బండి వజ్రములున్న లోతునుండి బయలుదేరలేదా, లేక ఉన్న వజ్రములు చెడినవా అని విచారింతురు. ఇచ్చట మరల అభ్రకము సాక్ష్యమిచ్చును. దానిని పుట్టించిన ద్రవములే కర్బనమును తెచ్చి వజ్రమును పెంచుటకును, ఆమ్లజని హెచ్చుగానున్నపుడు ఉన్న వజ్రమును కరగించి వాయువుగా మార్చుటకును సమర్థములు. పోషించినదియు, హరించినదియు ఒకే ద్రవము కావచ్చును. కనుక అభ్రకమును చూచి వజ్రమున్నదని గాని, లేదని గాని ఊరిలో ఎవడైన చెప్పినచో నమ్మరాదు. రేకుల పెట్టెను చూపి పొలము వెల పెంచువారి యెడలను, త్రవ్వుటకు బయానా అడుగువారి యెడలను రైతులు జాగరూకులై యుండవలెను. 1957 నాటి గనులు, ఖనిజముల చట్టమును బట్టి అనుమతి పత్రము లేక ఖనిజములకై వెదకి త్రవ్వుట నేరము. పొలము పట్టా తన పేర నున్నను క్రింది వజ్రమును త్రవ్వుకొను హక్కు దానితో రాదు.

కృష్ణానది మన సీమను ఒరసికొని సోమశిల మీదుగా పారి, దిగువన ప్రసిద్ధి చెందిన కొల్లూరు వజ్రపు గనుల దాపునకు చేరును. అంత మాత్రమున ఆ వజ్రములు గద్వాలనుండి కొట్టుకొని పోయినవనుట తొందరపాటు. నడుమ ఎన్ని ఉపనదులు, ఎన్ని కొండలు!

ఈ రేకులవలన రైతునకు వజ్రము కంటె సామీప్యమైన ప్రయోజనమొకటి కలదు. ఫ్లాగొపైటు, బయొటైటు నేలలో చివికినపుడు పొటాసియం జిగురు విడిపోయి మొక్కలకు అందును. తెల్ల అభ్రకము ఇంత త్వరగా విడువదు. జిగురు పోయిన రేకు నీరు నింపుకొని వర్మిక్యులైటుగా మారును. దానిని పెనముపై వేడిచేసినచో నీరు ఆవిరియై, రేకులు జలగవలె మెలికలు తిరిగి ఉబ్బును. కాకిబంగారము అభ్రకమో, మారిన వర్మిక్యులైటో తెలిసికొనుటకు ఇది సులభోపాయము. పిల్లలను దూరముగా నుంచి చేయవలెను.

బావి త్రవ్వుచుండగా గ్రానైటుకు బదులు ఆకుపచ్చని లేక నీలిరంగు మెత్తని రాయియు, అందు రాగిరంగు రేకులును, ఎర్రని గింజలును, గుండ్రని పరాయి రాతి ముక్కలును కనబడినచో జిల్లా గనులు, భూగర్భ శాఖ కార్యాలయమునకు గాని, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు గాని తెలుపవచ్చును. పిడికెడంత ముక్కలు నాలుగైదు వేర్వేరుగా కాగితమున చుట్టి, ప్రతిదానిపై గ్రామము, సర్వే నెంబరు, ఎన్ని అడుగుల లోతున దొరకినదో వ్రాయవలెను. రేకులు మెరయుటకై వానిని కడిగి తుడువరాదు. గార్నెట్టు గింజలు ఊడదీసి విడిగా పంపరాదు. గింజ చుట్టునున్న నల్లని అంచు ఊడిపోయినచో పరీక్షకు కావలసినది పోయినట్లే.